ముక్కాయన పెట్రోలు కాపలా

మా ఇంట్లోకి ఎవరు అడుగుపెట్టాలన్నా ముందు చేతులు చాపాలి. గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా మావయ్య కూర్చుని ఉంటారు. వచ్చినవాళ్ళ రెండు చేతులూ పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుంటారు. ఒక్కసారి గట్టిగా పీలుస్తారు, పీలుస్తూనే కళ్ళు పైకెత్తి వాళ్ళ మొహంలోకి చూస్తారు. తర్వాత "ఊఁ, వెళ్ళు" అంటారు. పాలు పోసే మనిషి దగ్గర్నుంచి సొంత కొడుకు దాకా అందరికీ ఇదే మర్యాద. కొత్త కోడలిగా నేను ఈ ఇంటికొచ్చిన రోజున కూడా, మా అమ్మ పక్కనే నిలబడి నోరు తెరుచుకుని చూస్తుండగా, నా చేతులు వాసన చూశారాయన. "సబ్బు. మంచి సబ్బే" అన్నారు. మా అమ్మ ఇంటికెళ్ళాక ఫోన్ చేసి, "మీ మావయ్యగారికి బుర్రలో ఏమైనా తేడానా?" అని అడిగింది. తేడా కాదమ్మా, అనుమానం అన్నాను. "రెండూ ఒకటే" అంది.

ఆయన వెతికేది పెట్రోలు వాసన. ఇంట్లో పెట్రోలు నిల్వ ఉంది, దాన్ని ఎవరో తీస్తున్నారు, తీసినవాడి చేతులు ఎంత కడుక్కున్నా చెప్పకుండా ఉండవు. ఇదీ ఆయన సిద్ధాంతం.

వీధిలో ఆయన్ని ముక్కాయన అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కుర్రతనంలో పెట్రోలు బంకులో గొట్టం పట్టే పని చేసేవారట. ట్యాంకరు రాగానే ఓనరు "ఒరేయ్ ముక్కూ, ఇలా రా" అని కేకేసేవాడట. ఈయన మూత దగ్గర ముక్కు పెట్టి, కిరోసిన్ కలిపితే కలిపారని అక్కడికక్కడే చెప్పేసేవారట. డ్రైవర్లు ఈయన్ని చూస్తే గుటకలు మింగేవారట. ఈ 'అట'లన్నీ ఆయన నోటి నుంచి విన్నవే అయినా, మా అత్తయ్య ఏనాడూ కాదనలేదు కాబట్టి నేనూ నమ్మాను. మా అత్తయ్య అబద్ధాన్ని అరక్షణం కూడా మోసే మనిషి కాదు. మొగుడి అబద్ధాన్నైతే అసలు మోసేది కాదు.

తర్వాత సొంతంగా జనరేటర్లు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. కరెంటు పోయిన కొట్లకీ, దంతాల డాక్టరుకీ, ఫంక్షన్లకీ మా జనరేటర్లే వెళ్ళేవి. కరెంటు పోతే బంకులో పంపులు కూడా పనిచెయ్యవు కదా, అందుకని ఇంట్లో నిల్వ ఉండి తీరాలనేవారు. "పెట్రోలు లేదు అనే మాట నా నోట్లోంచి రాదు" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ మాట రాకపోవడం అటుంచి, పెట్రోలు మాత్రం ఆయన నోట్లోకి బోలెడు పోయింది. క్యానులోంచి జనరేటరులోకి ట్యూబుతో తియ్యాలంటే నోటితో పీల్చి వదలడమే ఆయనకి తెలిసిన పద్ధతి. పీల్చి, ఉమ్మేసి, మీసం తుడుచుకునేవారు. మా ఆయన చేతిపంపు కొనిపెట్టినా దాన్ని తాకలేదు.

ఇక నిల్వ దేంట్లో అంటే, తాగే నీళ్ళ క్యాన్లలో.

మా ఆయన ఒకసారి సరైన క్యాన్లు కొనుక్కొచ్చారు. ఎర్రగా, మందంగా, పెట్రోలు కోసమే చేసినవి. మావయ్య వాటిని తిప్పి చూశారు, తట్టి చూశారు, వెలుగుకి ఎత్తి చూశారు.

"లోపల ఎంతుందో కనపడదేమిరా?"

"కనపడక్కర్లేదు నాన్నా. బయటికి రాకుండా ఉంటే చాలు."

"కనపడనిదాన్ని ఎలా నమ్మమంటావ్?"

అంతే. ఆ ఎర్ర క్యాన్ల మూతులు కోసేసి నట్లూ బోల్టులూ పోసుకున్నారు. నీళ్ళ క్యాను అయితే అద్దంలా ఉంటుంది. దాన్ని మెడ దాకా నింపి, నా గోళ్ళరంగు సీసా అడక్కుండానే తీసుకుని, పెట్రోలు మట్టం దగ్గర సన్నగా గీత గీసేవారు. లోకంలో ఎవరైనా పెట్రోలుకి డబ్బా ఎంచుకునేటప్పుడు కారుతుందా, అంటుకుంటుందా అని చూస్తారు. మా మావయ్య మాత్రం దొంగ దొరుకుతాడా అని చూసేవారు.

దొంగ దొరకలేదు గానీ దొంగతనం మాత్రం దొరికింది. మధ్యాహ్నం ఎండలో గీసిన గీతకి పొద్దున్న చూస్తే పెట్రోలు బెత్తెడు కిందకి దిగి ఉండేది. మొదట క్యాన్లు పెరట్లో రేకుల గదిలో ఉండేవి. "రాత్రిపూట గోడ దూకుతున్నాడు" అని వాటిని వెనక వరండాలోకి మార్చారు. అక్కడా దిగింది. "అయితే బయటివాడు కాదు" అన్నారు, గొంతు తగ్గించి, పైకప్పు వైపు చూస్తూ.

పై వాటాలో గడియారాలు బాగుచేసే అతను అద్దెకుండేవాడు. మేం అతన్ని 'గడియారం' అనే అనుకునేవాళ్ళం. ఒంటరివాడు, మితభాషి. అతనికో పాత స్కూటరు ఉంది, అది చాలు మా మావయ్యకి. "ఆ డొక్కు స్కూటరు అన్నేసి సార్లు ఎలా తిరుగుతోందంటావ్ అమ్మాయ్?" అనేవారు. స్కూటరు స్టార్టయితే పెట్రోలు మనదే అనేవారు. స్టార్ట్ అవ్వకపోతే, దొంగ పెట్రోలు దానికి పడలేదనేవారు. మెట్లెక్కాలంటే మా గడప ముందునుంచే పోవాలి కాబట్టి అతనూ రోజూ చేతులు చాపేవాడు. మావయ్య మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు అతని మొహంలోకి చూసి, పళ్ళు నూరుకుంటూ "వెళ్ళు" అనేవారు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం వరండా ఊడుస్తూ చూద్దును కదా, పొద్దున్న గీతకి కిందున్న పెట్రోలు ఇప్పుడు గీతని దాటి పైనుంది. పరుగెత్తుకెళ్ళి మావయ్యకి చూపించాను. ఇంక ఈ గొడవ తీరినట్టే, తీసే దొంగ ఉంటాడు గానీ పోసే దొంగ ఉండడు కదా అని నా సంబరం. ఆయన క్యాను చుట్టూ తిరిగారు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"చూశావా, భయపడి తెచ్చి పోసేశాడు!" అన్నారు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే."

అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతానికి ఇంత తెలివి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ వారంలోనే గడియారాన్ని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అతను ఎందుకని కూడా అడగలేదు. వేరే వాటా దొరికేదాకా ఉంటానన్నాడు. అడక్కపోవడం నాకూ అనుమానంగానే అనిపించింది. ఆ ఇంటి గాలి అలాంటిది, కొన్నాళ్ళు పీలిస్తే ఎవరికైనా పడుతుంది.

వరండాలోంచి క్యాన్లు మెట్ల కిందకి వచ్చాయి. మెట్ల కింది నుంచి మావయ్య గదిలోకి వచ్చాయి. చివరికి ఆయన మంచం కిందకి చేరాయి. "ఇప్పుడు తియ్యమను చూద్దాం, నా వీపు కింద నుంచి" అన్నారు.

ఆ మంచం మీద ఆయన ఒక్కరే పడుకోరు. నా కూతురు పడుకుంటుంది. దానికి తాతయ్య పక్కన తప్ప నిద్ర పట్టదు. అత్తయ్య పోయాక ఆయనకీ అది పక్కన లేకపోతే నిద్ర లేదు.

మా ఆయనతో చెప్పాను. "పెట్రోలు ఆవిరి పైకి పోదు, నేలమీదే పాకుతుంది. ఎక్కడో నిప్పురవ్వ ఉంటే అక్కడిదాకా వెళ్ళి తెచ్చుకుంటుంది" అన్నారాయన. ఇంత తెలిసిన మనిషి తండ్రి ముందు మాత్రం "ఒకసారి ఆలోచించండి నాన్నా" అని నసిగి, జనరేటరు ఎక్కించుకుని పనికి వెళ్ళిపోయారు. పాపని నా పక్కన పడుకోబెట్టుకుంటే, కాస్త కన్ను మూతపడగానే దిండు చంకన పెట్టుకుని తాత గదిలోకి పోయేది. తలుపు గడియ పెడితే మావయ్య మొహం చిన్నబోయింది. "దాన్ని కూడా నా దగ్గర్నుంచి లాక్కుంటావా అమ్మాయ్?" అన్నారు. నేను గడియ తీశాను. తీసినందుకు నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

"గదిలో వాసనగా ఉంది మావయ్యా, పాపకి కళ్ళు మండుతున్నాయట" అని ఎన్నిసార్లన్నా ఒకటే జవాబు. "నా ముక్కుకి తెలియని వాసన నీకు తెలుస్తుందా?"

నిజమే, ఆ ముక్కుకి తెలియకుండా ఉంటుందా అని నాలో నేనే తగ్గిపోయేదాన్ని. నాకే భ్రమేమో అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో గోడ గడియారం ఆగిపోతే పై అతనికి ఇచ్చాను. బాగుచేసి సాయంత్రం కిందకి తెచ్చాడు. మావయ్య మామూలుగానే చేతులు చూసి, కళ్ళల్లోకి చూసి వదిలారు. వంటగది గుమ్మం దగ్గర గడియారం నా చేతికిస్తుంటే గుప్పున వాసన కొట్టింది. పెట్రోలు. అతని వేళ్ళ నుంచి.

దొరికావురా అనుకున్నాను. మావయ్య చెప్పినదంతా నిజమే, ఆయన్ని పిచ్చివాడనుకున్న నేనే పిచ్చిదాన్ని.

"మీ చేతులు పెట్రోలు వాసన వేస్తున్నాయి" అన్నాను, గొంతు కటువుగా పెట్టి.

"అవునండి, వెయ్యకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు అతను, అదేదో నాకు ముందే తెలిసినట్టు. "గడియారాల లోపలి పళ్ళ చక్రాల జిడ్డు దాంతోనే కడుగుతాం. చిన్న సీసాడు తెచ్చుకుంటే నెలంతా వస్తుంది, కొట్లోనే ఉంచుతాను. ఎంత తోమినా వేళ్ళని వదలదు. మొదటి నుంచీ ఇంతే. పెద్దాయనకి తెలుసుగా, రోజూ చూస్తారు."

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను గడియారం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోజూ చూస్తారు. రోజూ ఈ వేళ్ళని ముక్కుకి ఆనించుకుని, 'వెళ్ళు' అని వదిలేస్తున్నారు. దొంగ అని ఎవరిని అనుకుంటున్నారో అతని చేతులే పెట్రోలు కంపు కొడుతుంటే, ఊరందరికీ కిరోసిన్ పట్టిచ్చిన ముక్కు దాన్ని పట్టుకోలేదా?

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. పాలు మాడితే మావయ్య అక్కడే కూర్చుని ఉండటం. అత్తయ్య ఉన్నప్పుడు ఎప్పుడూ ఆయన కుర్చీ పక్కనే నిలబడి, "పాలు మాడుతున్నాయండీ", "ఎవరో సెంటు కొట్టుకొచ్చారండీ" అని అడక్కపోయినా చెబుతూ ఉండటం. చేతులు వాసన చూస్తూ ఆయన వచ్చినవాళ్ళ మొహంలోకి చూడటం. ఆయన వాసన చూడటం లేదు. ఎవరు తడబడతారా అని మొహం చూస్తున్నారు. మొగుడి అబద్ధాన్ని మొయ్యదనుకున్న అత్తయ్య, ఇన్నాళ్ళూ దీన్ని మోసింది. ఆవిడ పోయాక ఆయన ఒక్కరే మోస్తున్నారు. అంటే, మంచం కింద ఏం జరుగుతోందో ఇంట్లో అందరికంటే ఆయనకే తెలియదు.

ఈ ఆలోచన పూర్తయ్యేలోపే గది వైపు నుంచి పాప గొంతు వినపడింది. "తాతయ్యా, దోమలు!"

చీకటి పడుతోంది. రోజూ ఆ వేళకి మావయ్య మనవరాలి కోసం దోమల చుట్ట వెలిగిస్తారు. మంచం పక్కన, నేలమీద పెట్టి వెలిగిస్తారు. పెట్రోలు కారితే ఆ ముక్కు ముందే పట్టేస్తుందిలే అని ఇన్నాళ్ళూ నేనూ ఊరుకున్నాను.

గడియారం ఎక్కడ పడేశానో నాకు తెలియదు. గదిలోకి వెళ్ళేసరికి ఆయన నేలమీద గొంతుకూర్చుని ఉన్నారు, ఒక చేతిలో అగ్గిపెట్టె, ఒక చేతిలో పుల్ల. నేను అగ్గిపెట్టె లాగేసుకున్నాను. లాగిన విసురుకి ఆయన వెనక్కి కూలబడ్డారు.

"ఏమిటే ఇది?" అన్నారు. నన్ను ఏనాడూ 'ఏమే' అనని మనిషి.

గదంతా ముక్కు పగిలిపోయేలా కంపు. వంగి చూస్తే గోడవైపు క్యాను అడుగు మెత్తబడి ఒక పక్కకి ఒరిగి ఉంది, అంచు దగ్గర చీలింది. మంచం కింద నేల తడితడిగా మెరుస్తోంది. పాప లైటు వెయ్యబోతూ స్విచ్చు మీద చెయ్యి పెట్టింది. "ముట్టుకోకు!" అని నేనరిచిన అరుపుకి బిక్కచచ్చిపోయి చెయ్యి తీసేసింది. దాన్ని ఎత్తుకుని గుమ్మం అవతల పెట్టి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాను. ఆ మసక చీకట్లోనే మావయ్య లేచి నిలబడి నన్ను ఎగాదిగా చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పై వాటా గడియారాన్ని చూసే చూపు.

"నా గదిలో క్యాను దగ్గర నీకేం పని? నువ్వేనా ఇన్నాళ్ళూ?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వంగి, నేలమీద తడిని అరచేత్తో రాసి, ఆ చెయ్యి ఆయన ముక్కు కింద పెట్టాను.

"చెప్పండి మావయ్యా. ఇదేం వాసన?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా పీల్చారు. పీలుస్తూ కళ్ళెత్తి నా మొహంలోకి చూశారు. జవాబు అక్కడుందేమోనని వెతుకుతున్నారు. నేను మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆయన ఇంకోసారి పీల్చారు.

"నీళ్ళు" అన్నారు.

గుమ్మం అవతలి నుంచి పాప నిదానంగా చెప్పింది. "పెట్రోలు తాతయ్యా. రోజూ వస్తోంది కదా."

ఆయన చేతిలోంచి నా చెయ్యి జారిపోయింది. ఆ మొహాన్ని నేను చూడలేకపోయాను. ఇంతకుముందు దాకా ఆయన్ని ఎలా నిలదియ్యాలా అని ఉడికిపోయిన నాకు, ఇప్పుడు ఎందుకు నిలదీశానా అనిపించింది.

పై అతన్ని పిలిస్తే రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. నేను వంటగదిలో స్టవ్ సిలిండరు కట్టేసి, పాపని వీధిలోకి తీసుకుపోయాను. వాళ్ళిద్దరూ లైటు లేకుండా, ఫ్యాను వెయ్యకుండా, ఒక్కొక్క క్యానూ పెరట్లోకి మోశారు. చీలినదాన్ని ముందు మోశారు. మావయ్య అలసిపోతే గడియారం "మీరుండండి పెద్దాయనా" అని ఆయన చేతిలోది అందుకున్నాడు. మావయ్య ఇచ్చేశారు. అతని చేతులు వాసన చూడలేదు, మొహమూ చూడలేదు.

ఇల్లంతా గాలాడి కంపు పోయాక, బయట గట్టు మీద నా పక్కన కూర్చుని ఆయనే చెప్పారు. "ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదమ్మాయ్. మెల్లమెల్లగా పోయింది. ముందు మీ అత్తయ్యకే తెలిసింది. ముక్కాయనకి ముక్కు లేదంటే ఇంక నేనెవణ్ణి?" కొంచెం ఆగి, "పుల్ల గీసేవాణ్ణే కదా" అన్నారు.

మర్నాడు మాత్రం పాత బుద్ధి ఇంకా పూర్తిగా వదల్లేదు. మిగిలిన క్యాన్లలో ఒకదాని మీద గీత గీసి, పెరట్లో దూరంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఎండెక్కింది. నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళేసరికి క్యాను వైపే గుడ్లప్పగించి చూస్తున్నారు.

"ఎవరూ రాలేదమ్మాయ్. నేను రెప్ప కూడా వెయ్యలేదు. గీత దాటి పైకొచ్చింది."

"వేడికి పొంగుతుంది, చల్లబడితే దిగుతుంది మావయ్యా. పలచటి ప్లాస్టిక్కూ, వదులు మూతా కదా, మిగిలింది గాల్లో పోతుంది."

"అయితే దొంగ..."

"లేడు."

ఆయన పై వాటా కిటికీ వైపు చూశారు. సాయంత్రం, ఎన్నాళ్ళ కిందటో ఆగిపోయిన తన చేతి గడియారం తీసుకుని మెట్లెక్కారు. క్షమించమన్నారో లేదో నేను వినలేదు. అతను ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యలేదు.

కొత్త డబ్బాలు కొనడానికి నన్ను వెంట పెట్టుకుని వెళ్ళారు. కొట్లో ఉన్నావిడ మందపాటి ఎర్ర డబ్బా చూపించింది, స్ప్రింగు మూత దానంతటదే టక్కుమని మూసుకుంటుంది. "నేలమీద పెట్టే నింపండి, అంచుదాకా నింపకండి, పొంగడానికి చోటుండాలి. ఇంటికి దూరంగా, నీడలో, గాలాడే చోట ఉంచండి. అయినా ఇంట్లో అంత నిల్వ దేనికండీ?" అంది. మావయ్య అలవాటుగా డబ్బాని వెలుగుకెత్తారు.

"లోపల ఎంతుందో కనపడదు కదమ్మా."

"ఎత్తి చూస్తే బరువు తెలియదా తాతగారూ?"

ఆయన నవ్వారు. పెద్ద నిల్వ మానేశారు, ఒక్క పనికి సరిపడా మాత్రమే రేకుల గదిలో ఉంటోంది. ఆ గదికి పైనా కిందా గాలికి కంతలు పెట్టించారు. నోటితో పీల్చడం మానేసి చేతిపంపు వాడుతున్నారు. గడప పక్కన కుర్చీ మాత్రం తీసెయ్యలేదు. ఇప్పుడు దాంట్లో నా కూతురు కూర్చుంటుంది.

మొన్న జనరేటరులో పెట్రోలు పోసి, ఆయన పెరట్లోంచి వచ్చారు. గడప దగ్గర ఆగిపోయి, వంగి, రెండు చేతులూ మనవరాలి ముందు చాపారు.

"చూడమ్మా. రావచ్చా?"

అది ఆ ముసలి చేతుల్ని ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఆయన దాని మొహంలోకే చూస్తున్నారు.

"లేదు తాతయ్యా, ఇంకా ఉంది" అంది. "మళ్ళీ కడుక్కుని రా."

ఆయన మారుమాట లేకుండా కుళాయి దగ్గరికి వెళ్ళారు.